తొమ్మిదితో భాగించండి

అక్కకి,

ఇంటర్వ్యూ ఏమైందని అడిగావు. ఫోన్‌లో చెప్పబుద్ధి కాక రాస్తున్నాను.

అకౌంట్స్ చదివి ఇంట్లో కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది, ఆన్‌లైన్‌లో నలుగురికీ కనబడమన్నావు. కనబడ్డాను. పైన బావగారి కోటు, కింద పాత పైజామా, రోజూ ఒక వీడియో. "గోడతో మాట్లాడతావేంటే?" అని అమ్మ వంటింట్లోంచి అరుస్తూనే ఉంది. ఎక్కువమంది చూసింది లెక్కల తేడా వీడియో. రెండు వైపులా మొత్తాలు కలవకపోతే తేడాని తొమ్మిదితో భాగించండి, శేషం రాకపోతే ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చు అని చెప్పానే, అది.

ఇంటర్వ్యూలో అదే అడిగారు. చెప్పాను. మేనేజరు కళ్లజోడు తీసి, "పొద్దుట్నుంచి అందరూ ఇదే చెబుతున్నారమ్మా. ఎవరిదో వీడియో చూసి బట్టీ పట్టారా?" అన్నాడు.

ఆ ఎవరో నేనే. "అవునండీ" అని లేచి వచ్చేశాను.

ఇంటర్వ్యూకి ముందు బయట నా పక్కన కూర్చున్న అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. నా ఒంటిమీద ఆ కోటు లేదు కదా, అప్పుడు నన్ను గుర్తుపట్టలేదు. నిన్న నా వీడియో కింద తన ఫొటోతో సహా, "మీ పుణ్యమా అని ఉద్యోగం వచ్చింది మేడమ్" అని రాసింది.

ఎవరు రాసినా వెంటనే జవాబివ్వాలన్నావుగా. అభినందనలు అని రాసి, పక్కన నవ్వు మొహం పెట్టాను.

నీ చెల్లి