కమలక్క మొదటి పిలుపు

శనివారం, రాత్రి

హామ్ రేడియో లైసెన్సు వచ్చాక దుర్గి ఊళ్ళో ఉండే కమలక్క ఈ సాయంత్రమే మొదటిసారి రేడియోలో నన్ను పిలిచింది. టైపు చేసిన మాటల్ని రేడియోలో పంపే పీఎస్‌కే మోడ్‌లో ఆమె కొట్టినదంతా నా కంప్యూటర్‌ మీద చెదిరిన అక్షరాలుగా వచ్చింది. అలా అయితే నిదానంగా నడిచినా సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడూ అక్షరాలు చెదరని ఒలీవియా మోడ్‌కు మారి నేనే పిలుస్తానని ముందే మాట ఇచ్చాను. కానీ గుడిలో హారతి వేళవుతోందని రేడియో కట్టేసి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి ఫోన్.

"ఏమే, గంటసేపు కొట్టా. ఒక్క ముక్కా అందలేదా ఏంది?"

"లేదక్కా, ఏమీ రాలేదు."

"అయితే నా యాంటెన్నాదే తప్పు. చానా కష్టపడి కట్టా గదే! తెల్లారగానే దించేస్తా."

దేవుడి ముందు నుంచి వచ్చి అంత తేలిగ్గా అబద్ధమాడాను. దించొద్దక్కా అని కూడా అనకుండా ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు ఫోన్ చేస్తే నిద్ర చెడగొట్టినట్టవుతుంది. తెల్లారితే ఆమె యాంటెన్నా దించుతూ మేడ మీద ఉంటుంది...