ఇరవై మచ్చలు

పాన్సోల్, శుక్రవారం

తెరియో మేస్త్రీ గారికి, వేడినీళ్ల కొలను యజమానురాలు ప్యూరిటా వ్రాయునది.

ఆర్నెల్ల కిందట మీరు మా కొలనుకి వేసిన తెల్ల ప్లాస్టరు మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. లెక్కపెట్టాను, ఇరవై. ఈ నెలాఖరు ఆదివారం ఇక్కడ బాప్తిస్మ విందు ఉంది. పిల్ల తల్లి నిన్న వచ్చి చూసి మొహం మాడ్చుకుని వెళ్లింది. ఆలోగా మచ్చలు పోకపోతే మీ ప్లాస్టరంతా పగలగొట్టించి, లోస్ బాన్యోస్ మేస్త్రీ చేత కొత్తది వేయిస్తాను.

ఇట్లు, ప్యూరిటా

తా.క. మీ పేరు చెప్పగానే ఆ మేస్త్రీ నవ్వాడు. ఎందుకని అడిగితే ఇంకా నవ్వాడు.

బిన్యాన్, సోమవారం

ప్యూరిటా అమ్మగారికి, నవ్వులపాలైన తెరియో వ్రాయునది.

దయచేసి పగలగొట్టకండి. ముందు మచ్చ దేనిదో తేలాలి. పాత మేజోడులో క్లోరిన్ మూటగట్టి ఒక మచ్చ మీద ఉంచండి. ఆకో, నాచో అయితే పోతుంది. ఇంకో మచ్చ మీద విటమిన్ సి మాత్ర నొక్కిపట్టండి. తుప్పయితే దానికి పోతుంది.

విధేయుడు, తెరియో

తా.క. ఆసిడ్ మాత్రం పోయకండి. మచ్చతోపాటు ప్లాస్టరు తోలు కూడా ఊడుతుంది.

పాన్సోల్, గురువారం

మేస్త్రీ గారికి,

కొలనుకి జలుబు మందు రాశారేమిటి, వేళాకోళమా అనుకున్నాను. మేజోడు కింది మచ్చ కదల్లేదు గానీ, మాత్ర కిందిది చూస్తుండగానే తెల్లబడింది. రెండు సీసాలు తెప్పించి అన్నీ పోగొట్టాను. ఇవాళ పొద్దున చూస్తే మళ్లీ ఇరవై, సరిగ్గా అవే చోట్ల. అంటే ఇనుము మీ ప్లాస్టరులోనే ఉంది. ఎన్ని మేకులు కలిపారు?

కోపంతో, ప్యూరిటా

తా.క. సగం మాత్రలు మా అమ్మ మింగేసింది. ఆవిడ జలుబు మాత్రం తిరిగి రాలేదు.

బిన్యాన్, ఆదివారం

అమ్మగారికి,

మేకులన్న మాటకి నాకు అన్నం సహించలేదు. నలభై ఏళ్లుగా నా పేరు ఆ తెలుపు మీదే నిలబడింది. లోపలి ఇనుమైతే మచ్చ అడ్డదిడ్డంగా పాకుతుంది, ఒక్క రోజులో సరిగ్గా అవే చోట్లకి తిరిగి రాదు. ఇదేమిటో తెలుసుకోకపోతే నాకు నిద్రపట్టదు. మచ్చల బొమ్మ గీసి పంపండి. గురువారం పొద్దుటికి లేచాయంటే బుధవారమే ఏదో జరుగుతోంది, ఆ రోజు మీరెక్కడుంటారో కూడా రాయండి.

మనసు నొచ్చిన తెరియో

తా.క. మీ కొలను మాటెత్తితే చాలు, మా ఆవిడ సాలింగ్ "ఆ మచ్చల జోలికి పోకు" అంటోంది. నా ఆరోగ్యం మీద ఆవిడకి బెంగ.

పాన్సోల్, గురువారం

మేస్త్రీ గారికి,

బొమ్మ జతచేశాను. నడుమ నాలుగు మచ్చలు, నాలుగు వైపులా నాలుగేసి. ప్రతి బుధవారం కొలనుకి సెలవు. నేను బక్లారన్ చర్చిలో నొవేనా ప్రార్థనకి పోయి సాయంత్రానికి వస్తాను. ఇంట్లో అమ్మ ఒక్కతే. ఇవి పుట్టలో ఉండే ముసలి నూనో దయ్యం పాదాలనీ, చెరిపితే కీడనీ అంటోంది. నూనోకి ఇరవై కాళ్లా అని అడిగాను.

"చుట్టాలొచ్చుంటారు" అంది.

ఇట్లు, ప్యూరిటా

తా.క. విందు ఇంకా పది రోజులే.

బిన్యాన్, శనివారం

అమ్మగారికి,

నూనో పాదాలు చతురస్రంగా ఉండవు. మీ ఇనుప బల్ల, కుర్చీల కాళ్లు తిరగేసి చూడండి, రబ్బరు తొడుగులు అరిగి ఉంటాయి. కొత్తవి ఇరవై పంపుతున్నాను. ఈ బుధవారం బక్లారన్ మాతకి క్షమాపణ చెప్పుకుని ఇంట్లోనే దాక్కోండి.

ఆత్రంతో, తెరియో

తా.క. నేనే వద్దును గానీ, బుధవారాలు ఇంటికి కాపలా నేనే. సాలింగ్ చెల్లెలికి కాళ్లనొప్పులట, చూడ్డానికి కలంబా పోతుంది.

పాన్సోల్, సోమవారం

గౌరవనీయులైన తెరియో మేస్త్రీ గారికి,

దాక్కున్నాను. పదింటికి ఇనుప బల్లా, నాలుగు కుర్చీలూ నీళ్లలో దిగాయి. నడుంలోతు వేడినీళ్లలో పేకాట. మా అమ్మ, మంత్రసాని, చర్చిలో జపమాల చెప్పించే పెద్దావిడ. నాలుగో మనిషి మీ సాలింగ్. కాళ్లనొప్పులు చెల్లెలివి కావు, ఆవిడవే. ఈ నీళ్లకి తగ్గాయట. ఎదురుగా వెళ్లి నిలబడినా ఒక్కరూ లేవలేదు.

మా అమ్మ ముక్కల మీంచి కళ్లెత్తకుండానే అడిగింది. "బస్సు తప్పిందా?"

మేకుల మాట అన్నందుకు సిగ్గుపడుతున్నాను, క్షమించండి. మాత్రలతో మచ్చలన్నీ పోయాయి. నిన్న విందులో పిల్ల తల్లే అందరికన్నా ముందు నీళ్లలో దిగింది. లోస్ బాన్యోస్ మేస్త్రీని పిలిచి మీ తెలుపు చూపించాను. ఈసారి నవ్వలేదు.

కృతజ్ఞతతో, ప్యూరిటా

తా.క. ఇరవై తొడుగులు చాల్లేదు. ఇంకో నాలుగు సాలింగ్ చేత బుధవారం పంపండి. ఎవరి కుర్చీకని అడక్కండి, బక్లారన్‌లో అసలే చెప్పకండి.