జీపులో వచ్చే ప్లీడరమ్మ

ఖమ్మం,
23-3-1987

ప్రియమైన రాఘవమ్మా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి ఇవాళ్టిదాకా ఓపిక చిక్కలేదు. హైకోర్టు దగ్గర నీ ఆఫీసులో నా కోసం ఒక బల్ల ఖాళీగా ఉంచానన్నావు. లా కాలేజీలో నా నోట్సు చదివి పాసైనదానివి, ఇప్పుడు నాకే బల్ల ఇస్తానంటున్నావు. చదివి నవ్వుకున్నాను. తర్వాత నిజంగానే ఆలోచించాను. వేసవి సెలవులు కాగానే వచ్చేస్తాను.

అలసిపోయానే. పదిహేనేళ్ళుగా మిర్చి కమీషన్ వ్యాపారుల తగవులు, వెదురు సప్లై ఒప్పందాలు, లారీల వాళ్ళ దావాలు. నేను గెలిచినవాటిలో సగం, అవతలివాడు వాయిదాలకు తిరగలేక వదులుకున్నవే. ఇందులో నాకు ఇష్టమైన పని ఒక్కటే ఉండేది. నెలకు రెండు ఆదివారాలు భద్రాచలం అవతల ఆ కోయ ఊరికి వెళ్ళి, బడి వరండాలో కూర్చుని, అడిగినవాళ్ళకు ఉచితంగా సలహా చెప్పడం. నీకు గొప్పగా రాశాను కూడాను, మూడేళ్ళలో రేషన్ కార్డులూ పింఛన్లూ తప్ప ఒక్క తగవైనా రాలేదు, అంత ప్రశాంతమైన ఊరు అని.

నిన్న తెలిసింది ఆ ప్రశాంతత ఏమిటో. వరండా వెనక చేతిపంపు దగ్గర ముత్తక్క, తెలుగు తప్ప రాని అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడుతోంది. ఆ ఊరి ఆడవాళ్ళకు ముత్తక్క మాటే మాట. "ఆమె కాంట్రాక్టరు జీపుల వస్తది, కాంట్రాక్టరు జీపుల పోతది. ఆమెకు చెప్తే ఆయనకు చెప్పినట్టే. కార్డుల సంగతి అడుగుర్రి, చాలు."

జీపు వెంకటరామారావు గారిది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వెదురు కాంట్రాక్టరు, నా క్లయింట్లలో అందరికన్నా పెద్ద. బస్సుల్లో మీరేం తిరుగుతారమ్మా అని తనే పంపుతాడు. అది మంచితనమే అనుకున్నాను, ఏమో, మంచితనమేనేమో కూడా. ఇప్పుడాయన ఆ ఊరి కూలీల సంఘం మీదే దావా వేయించాడు, నా చేతే. ఒప్పుకున్న గడువుకు వెదురు కొట్టి ఇవ్వలేదని. డిక్రీ వచ్చిందంటే, అడవిలో సొంతంగా వెదురు కొట్టుకునే హక్కు సంఘానికి పోతుంది. వాళ్ళు మళ్ళీ ఆయన కింద కూలీలే. ఆ తగవు సంగతి వాళ్ళు నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు గనక కేసు పట్టడంలో తప్పు లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎందుకు ఎత్తలేదో నిన్న విన్నాను.

బయల్దేరేముందు రాలిపడ్డ మామిడి పిందె ఒకటి తీసి కొరకబోయాను. ముత్తక్క నా చేతిలోంచి లాక్కుంది. "పండుగ గాలే," అంది. వాళ్ళ మామిడి పండుగ ఏప్రిల్ పదహారు నుంచి మూడు రోజులట. అది అయ్యేదాకా కొత్త కాయ నోట పెట్టరు. ఆ మూడు రోజులూ ఊరి పొలిమేర దాటరు. ఇదంతా సంఘం పెద్ద జంపయ్య జీపు దాకా వచ్చి ఓపిగ్గా వివరించాడు. వేరే వకీలును పెట్టుకోమని అతనికి చెప్పాను. "అవ్ అమ్మా," అన్నాడు. నమ్మాడో లేదో తెలియదు.

నీ
రత్నం

ఖమ్మం,
7-4-1987

రాఘవా,

నిన్న నేను చేసిన పనికి నువ్వు తిడతావో మెచ్చుకుంటావో తెలియదు. రెండింటికీ సిద్ధంగానే ఉన్నాను.

నిన్న ఆ దావా పిలుపుకు వచ్చింది. జంపయ్య ఒక్కడే వచ్చాడు, వకీలు లేకుండా. జవాబు దాఖలు చేయడానికి అతనికి ఆఖరి గడువు ఎలాగూ ఇస్తారు. లోపలికి వెళ్ళేముందు వెంకటరామారావు గారు నన్ను పక్కకు పిలిచారు. "పదహారో తారీకు అడగండమ్మా. ఆ రోజు వాళ్ళు ఊరు కదలరు. వాళ్ళు రాలేదని మన పక్షానే ఎక్స్‌పార్టీ తీర్పు వచ్చేస్తుంది, మీకూ శ్రమ తప్పుతుంది."

మీకెవరు చెప్పారన్నాను.

"మన లాల్‌సింగే. మీరు అక్కడ కూర్చున్నంతసేపూ వింటూనే ఉంటాడుగా."

లాల్‌సింగ్ జీపు డ్రైవరు. యజమాని అడిగాడు, చెప్పాడు, అతన్ని ఏమనగలం? ముత్తక్క మాటలో పొల్లు లేదు, అంతే. మూడేళ్ళుగా ఆ ఊరి మాటలు మోసుకొచ్చింది నేనే.

లోపల మా మాటలన్నీ ఇంగ్లీషులో. జంపయ్య చేతులు కట్టుకుని నా నోటి వంకే చూస్తున్నాడు. ఏ తారీకు కావాలని జడ్జిగారు అడిగారు. పదహారు మాత్రం వద్దన్నాను. ప్రతివాదుల ఊళ్ళో ఆ రోజుల్లో పండుగ, రాలేరు, నెలాఖరుకు ఇప్పించండి అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "మీరు వాది తరఫు కదమ్మా?" అన్నారు. అవునన్నాను. నెలాఖరుకు ఇచ్చారు.

వెంకటరామారావు గారు గొంతు కూడా పెంచలేదు. ఫైళ్ళన్నీ రేపు మనిషిని పంపి తెప్పించుకుంటానన్నారు. ఇవాళ పొద్దున ఆ మనిషి వచ్చి బీరువా సగం ఖాళీ చేసి వెళ్ళాడు. మిగతా వ్యాపారులూ ఆయన వెనకే వెళతారు, చూస్తూ ఉండు.

పదిహేనేళ్ళు నన్ను నమ్మినవాడికి అడ్డం నిలబడటం ధర్మమా, ద్రోహమా? కోర్టుకు నిజమే కదా చెప్పాను, ఇంకేం చేశాను అని వాదించుకున్నాను. అవతలి వకీలునీ నేనే అయ్యాను. తీర్పు రాలేదు. నీ బల్ల దుమ్ము తుడిపించి ఉంచు. ఆ ఊరికి ఒక్కసారి వెళ్ళి, ఇక రానని చెప్పి వస్తాను. చెప్పకుండా మాయమవడం బాగుండదు.

నీ
రత్నం

ఖమ్మం,
28-4-1987

రాఘవా,

మొన్న ఆదివారం వెళ్ళాను, బస్సులో. పాల్వంచ దాకా నిలబడే. సారపాక దగ్గర వెదురు లారీలు అడ్డం నిలిచి చాలాసేపు ఆగిపోయాం. భద్రాచలంలో ఇంకో బస్సు ఎక్కి, దిగాక మట్టిబాట వెంట నడిచి, మిట్టమధ్యాహ్నం చేరాను.

ముత్తక్క నన్ను కాదు, నా వెనక బాటను చూసింది.

"జీపేది?"

బస్సులో వచ్చానన్నాను.

"మల్ల తీస్కపోనీకి వస్తదా?"

ఇక ఎప్పటికీ రాదన్నాను. లోపలికి వెళ్ళిపోయింది. వరండాలో కూర్చుని, రానని ఎలా చెప్పాలా అని మాటలు కూడదీసుకుంటున్నాను. కోర్టులో జరిగింది గుమాస్తా ఎవరో తెలుగులో చెబితే జంపయ్య ఊరంతటికీ చెప్పాడట. సంఘానికి భద్రాచలం వకీలు దొరికాడు. నేను మాత్రం ఆ కేసు ముట్టుకోలేను, నిన్నటిదాకా వెంకటరామారావు గారి వకీలుని అని పక్కన కూర్చున్న జంపయ్యకు ముందే చెప్పేశాను.

"గది నిన్నెవరడిగిండ్రు?" అంటూ ముత్తక్క తిరిగొచ్చింది. మోదుగాకులో మామిడికాయ ముక్కలు, పైన ఉప్పు. "పండుగ అయింది, తిను."

తిన్నాను. పళ్ళు పులిశాయి. నా మొహం చూసి జంపయ్య నవ్వాడు. ముత్తక్క నా ఎదురుగా చతికిలబడింది.

"మాకు తగాదాల్లేవని మూడేండ్లు నీకు అబద్ధం చెప్పినం. జర సర్దుకొని కూసో."

ముందు తన సంగతే మొదలుపెట్టింది. తన చేనును వేరెవడో దున్నుకుంటున్నాడు, తండ్రి కాలం నుంచీ. ఆమె వెనక ఇంకొకరు, ఆమె వెనక మరొకరు. ఈసారి రేషన్ కార్డు పని మీద వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. వింటున్నకొద్దీ అలసట తగ్గిందని రాస్తే నీకు అబద్ధం రాసినట్టే. పెరిగింది. ఇందులో ఎన్ని గెలుస్తానో తెలియదు, గెలిచేసరికి ఎవరు మిగులుతారో తెలియదు. రోడ్డు మీద ఆఖరి బస్సు హారన్ వినిపించింది. లేవబోయాను.

"ఇంక నలుగురున్నరు," అంది ముత్తక్క.

కూర్చున్నాను. ఆ బల్ల ఇంకెవరికైనా ఇచ్చెయ్యవే.

నీ
రత్నం