దుప్పటి చివర పసుపు చార

ఫుజైరా
12 నవంబరు 2005

అమ్మకీ నాన్నకీ ఫేబా వందనాలు.

నాన్న నేసిన దుప్పటి నేనెవరికో ఇచ్చేశానని ఫోన్లో సగం సగం విని అమ్మ ఏడ్చిందట. ఇవ్వలేదు. నా మంచం మీదే ఉంది.

జరిగింది వినండి. మా వార్డులో కాలు విరిగిన స్కాట్లాండ్ ముసలాయన ఉన్నాడు, ఓడ ఇంజనీరు. ఆయన గళ్ళ శాలువా మీద సూప్ ఒలికితే ఉతకడానికి పంపి, ఏసీ చలికి తట్టుకోలేడని నా దుప్పటి కప్పాను. వాళ్ళ ప్రాంతం మొత్తానికి అవే గళ్ళట, టార్టన్ అంటారు. ఆకుపచ్చ వాళ్ళ కొండ, నీలం సముద్రం, ఊదా ఆ కొండ మీద పూసే పూలు అని చెప్పి, "మరి మీ గళ్ళకి అర్థం ఏంటి సిస్టర్?" అన్నాడు. మా నాన్న నేతకి అర్థం లేదంటానా? నీలం మా వాడరేవు సముద్రం, ఆకుపచ్చ వేటపాలెం జీడితోటలు, తెలుపు చినగంజాం ఉప్పు అని గడగడా చెప్పేశాను. ఖలాస్! తనకీ అలాంటిదే కావాలని పట్టుకున్నాడు.

అమ్మా, బీపీ మాత్రలు మానేయలేదు కదా? వంటింటి మీద రేకులు మార్పించారా? చర్చిలో నన్ను అడిగినవాళ్ళందరికీ వందనాలు చెప్పండి.

నాన్నా, వీలు చూసుకుని ఆయనకి ఒకటి నేసిపెట్టు. నా దుప్పటికి నీలం నూలు కండె అయిపోయి చివర్లో పసుపు వేశావు కదా, ఆయన దానికి మాత్రం ఆ చార వెయ్యకు. అదేంటని ఆయన అడిగితే, అది నేను అని చెప్పాను.

మీ ఫేబా