అమావాస్య నాటి గది

విళంబి సంవత్సరం, ఆశ్వయుజ బహుళ తదియ

అక్షరాలు వంకర. ఒత్తులు ఎక్కడెక్కడో పడుతున్నాయి. ఐదో తరగతితో బడి మాన్పించారు. చేతికి రాట్నం అలవాటు, కలం కాదు. కాగితమా, తప్పులు చూసి నవ్వకు.

ఇది ఆయన చీర అంచులు గీసుకునే గళ్ల పుస్తకం. నిండిపోయిందని మూల పడేశాడు. పుటల వెనక వైపు ఖాళీ. రాసి, పట్టు పోగు చుట్టిన కండెల గంప అడుగున పెడతాను. నేను కాక ఈ ఇంట్లో చదువు వచ్చింది ఆయనొక్కడికే. ఆ గంపలో ఆయన చేయి పెట్టడు.

ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. నోటితో రాదు నాకు.

బహుళ సప్తమి

అత్త పెనుకొండకు పోయి వచ్చింది. పిల్లను చూసుకొని వచ్చింది. ఆయనకు.

నాతో చెప్పలేదు. పక్కింటి నారమ్మతో, నాకు వినబడేటట్లు — "ఎనిమిది చదివిండాది. నడుము గట్టిది. మాట మెత్తన."

నారమ్మ అడిగింది, రెండో పెండ్లికి ఇప్పుడు చట్టం ఒప్పుకోదంట కదా అని. అత్త నవ్వింది. "చట్టం వచ్చి మగ్గం గుంతలో దిగి నేస్తాదేమే?"

ఏడేండ్లయింది నేను ఈ ఇంటికొచ్చి. రెండు కడుపులు నిలిచినట్టే నిలిచి జారిపోయాయి. "పడుగు ఎంత పొడుగుంటే ఏమి, పేక పడకపోతే గుడ్డయితాదా?" అంటుంది అత్త. నాకు కోపం రాదు. నిజమేగా అనిపిస్తుంది. అదే బాధ.

ఆయన మగ్గం గుంతలోనే ఉన్నాడు, విన్నాడు. పోగు చుట్టిన నాడె ఆ చివర నుంచి ఈ చివరకు విసిరాడు. పక్కన కూర్చున్న నేను అంచు నాడె విసిరాను. పట్టు చీరకు ఇద్దరు కావాలి. మధ్య ఒడలు ఆయనది, అంచు నాది.

అమావాస్య, దీపావళి

ఈ రోజు మగ్గం తాకరాదు. వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. నెలకంతా మాకు ఇదొక్కటే సెలవు. తలంటుకున్నాం. గడప మీద ప్రమిదలు పెడుతుంటే ఆయన వచ్చి నిలబడ్డాడు.

"ఇవేం దీపాలే లచ్చిమీ! ఆడ చూడల్ల దీపాలంటే..."

మళ్లీ మొదలు. ఎండాకాలంలో హిందూపురం సావుకారితో పెండ్లి చీరల మూట మోసుకొని మైసూరు దగ్గరి ఆనకట్ట తోటకు పోయి వచ్చినప్పటి నుంచి ఇదే మాట. తోటలో నీళ్లు పైకి చిమ్ముతాయట, నీళ్లకు రంగులట. తోట పైన కొండలాంటి హోటలు. మగపెండ్లివాళ్లు దిగింది అందులో అన్నిటికన్నా పెద్ద గదిలో. ఒక గది కాదు. కూర్చునేదానికి ఒకటి, పడుకునేదానికి ఒకటి, స్నానానికి ఒకటి.

"గోడలో నుంచి వేడినీళ్లే! పొయ్యి లేదు, పొగ లేదు. పరుపు మీద చెయ్యి పెడితే మునిగిపోతాది. ఇంగ కిటికీ... మగ్గమంత కిటికీ. తోటంతా ఆ కిటికీలోనే ఉండాది. రాజుల చుట్టాలు దిగే గదంట."

"ఒక రాత్రికి ఎంతో?"

"ఒక పెండ్లి చీర." వేళ్ల మీద లెక్కేసి, "మనిద్దరి కూలి" అన్నాడు.

ఒక చీర ఎన్నాళ్లకు దిగుతుందో మాకు తెలుసు. కిటికీలో నుంచి నీళ్లు చూసేదానికి అంత పోస్తారా మనుషులు! ఛీ అనుకున్నాను. అనుకుంటూనే ప్రమిదలో నూనె పొంగించేశాను.

కార్తీక శుద్ధ పంచమి

పెనుకొండవాళ్లు ఒప్పుకున్నారు. మాఘంలో.

ఆయన రాత్రి అన్నం తినలేదు. నేను పెట్టలేదని కాదు.

శుద్ధ అష్టమి

అడిగాడు. గుంతలో కూర్చొని, తెగిన పోగు అతుకుతూ, నా వైపు చూడకుండా — "నువ్వు వద్దంటే వద్దు."

నేను వద్దనాలంట. అత్తకు ఆయన చెప్పలేడు, నేను చెప్పాలి. నా నోట మాటే రాదు, అది ఆయనకూ తెలుసు.

"సరే" అన్నాను. తర్వాత నాకే తెలియకుండా ఇంకో మాట వచ్చింది. "ఆ గదిలో ఒక రాత్రి. నన్ను తీసుకపో. ఆమె రాకముందు."

ఏడేండ్లలో నేను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఆయన పోగు మళ్లీ తెగింది.

శుద్ధ ద్వాదశి

హిందూపురం పోయి వచ్చాడు. సావుకారు నవ్వాడట. "ఏమప్పా, చీరకు దుడ్లొద్దా, గది కావాల్నా? నీకేమన్నా తిక్కనా?" మళ్లీ ఆ సావుకారే హోటలువాళ్లకు చీటీ రాయిస్తానన్నాడట. ఏ రోజు అని అడిగితే ఈయన ఆలోచించకుండా చెప్పాడు — అమావాస్య.

ఇంకే రోజు చెబుతాడు? మిగతా రోజులు మగ్గం ఉంటుంది.

అత్తకు ఏం చెప్పాడో తెలియదు. అత్త మూడు పూటలుగా నాతో మాట్లాడలేదు. ఈ రోజు మాత్రం, "రాణిగారు పోతాండాది!" అని కోడిని అదిలించింది.

బహుళ పంచమి

మిరపపండు రంగు చీర. ఆకుపచ్చ అంచు. ఇంత బాగా ఎప్పుడూ నేయలేదు. ఒక్క పోగు వదులు లేదు. ఇది చీర కాదు, ఒక రాత్రి... అనుకుంటూ నేస్తున్నాం. ఆయన నాడె విసిరేటప్పుడు నవ్వుతున్నాడు. ఇట్ల నవ్వి ఎన్నాళ్లయింది!

సిగ్గు లేకుండా నేనూ నవ్వుతున్నాను. మాఘం ఉందన్నది ఇద్దరమూ మరిచిపోయాం.

బహుళ త్రయోదశి

మగ్గం మీద నుంచి చీర కోశాం. రేపు రైలు.

మార్గశిర శుద్ధ తదియ, శనివారం

ఇకమీదట వారం కూడా రాస్తాను.

వచ్చాం. రెండు రోజులు ఈ పుస్తకం ముట్టలేదు. వరుసగా రాయాలి, లేకపోతే రాయలేను.

గది ఆయన చెప్పినదానికన్నా పెద్దది. చెప్పులు బయటే విడిచాం. తివాచీ మీద నడవడానికి భయం, అడుగుజాడలు పడుతున్నాయి. పరుపు అంచున కూర్చుంటే లోపలికి పోయింది, కెవ్వుమన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. నిలువెత్తు అద్దం ఉంది. నన్ను నేను తల నుంచి కాళ్ల దాకా చూసుకోవడం ఇదే మొదలు. ఇంత చిన్నదాన్నా నేను!

గోడలో వేడినీళ్లు నిజమే. చాలాసేపు కాళ్ల మీద పోసుకున్నాను. కట్టెలు లేవు, ఊదడం లేదు, "నీళ్లు కాగినాయా" అని ఎవరూ కేకేయలేదు. దీనికే ఇస్తారు కాబోలు అంత. పరుపుకు కాదు. ఎవరూ పిలవనిదానికి.

పొద్దు గుంకింది. కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేశాడు. తల దువ్వుకొని, పూలు పెట్టుకొని కూర్చున్నాను. తోట కొంచెం కొంచెంగా నల్లబడింది. నల్లబడి అట్లే ఉండిపోయింది.

"ఇప్పుడు వేస్తారు సూడు" అన్నాడు.

"ఇదో... ఇప్పుడు."

తలపాగా చుట్టుకున్న ముసలాయన పళ్లెంలో కాఫీ తెచ్చాడు. మేము చీకట్లోకి చూస్తుండడం చూసి ఆగాడు. "ఇవత్తు దీప ఇల్ల అమ్మా. భానువార మాత్ర." కన్నడంలో అన్నాడు, ఈ రోజు దీపాలు లేవని. ఆదివారం, ఇంక పండుగలకు. ఆ రోజు బుధవారం.

ఈయన ముందు వచ్చింది ఆదివారమట. పెండ్లివాళ్లు ఆదివారం చూసే దిగారట. మాకు ఆదివారం ఎక్కడిది? ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు. మా వీధిలో ఎవరిని అడిగినా అమావాస్యే చెప్పేవాళ్లు.

"యాడుండాది ఆ దీపాలు వేసేది? ఒక్క గడియ వేయలేరా? చానా దూరం నుంచి వచ్చినాం" అని ఈయన ఆ ముసలాయన చేయి పట్టుకున్నాడు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు! ఈయన కిందికి పోయాడు. కాపలావాడితో, తోటమాలితో, ఎవరెవరితోనో మాట్లాడినట్టున్నాడు. పైన కిటికీలో నుంచి ఆయన తెల్లచొక్కా ఒక్కటే కనిపించింది, ఆ మనిషి దగ్గరికి, ఈ మనిషి దగ్గరికి పోతూ.

తిరిగి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత లేచి నా వెనక నిలబడి వేలు చాపాడు.

"ఆడ సూడు. మొదట తెల్లగా లేస్తాది. పాల మాదిరి. తర్వాత పసుపు... ఆ చివర నుంచి ఈ చివరకు. తర్వాత ఆకుపచ్చ, మన అంచు లేదా, ఆ పచ్చ. మళ్లీ ఎరుపు. ఎరుపు మీద నీలం ఎక్కుతాది. నీలం తర్వాత..."

అక్కడ వేలు దించేశాడు.

"కనిపిస్తాండాదే?"

"కనిపిస్తాండాది" అన్నాను.

కిటికీలో చీకటి తప్ప ఏమీ లేదు. ఆయన తల నా భుజం మీద పెట్టి ఏడ్చాడు. "ఆ పెండ్లి వద్దు. నేనే చెప్తా. పెనుకొండలో దిగి చెప్పేసి వస్తా. నీమీద ఒట్టు." నా తల మీద చేయి పెట్టాడు.

పరుపు మీద నిద్ర పట్టలేదు. కింద తివాచీ మీద పడుకున్నాం ఇద్దరమూ. బాగా నిద్రపోయాను. ఇది కూడా రాసి పెట్టుకోవాలి. బాగా నిద్రపోయాను.

శుద్ధ చవితి, ఆదివారం

మిగతాది.

రైలు పెనుకొండలో ఆగింది. ఆయన లేచి తలుపు దగ్గరికి పోయాడు. దిగే పని లేకపోయింది. ఆ పిల్ల నాయన ప్లాట్‌ఫారం మీదనే ఉన్నాడు, కుట్టిన విస్తర్ల మూటతో. అత్త కబురు పెట్టిందట మేము ఈ బండికి వస్తామని.

"ఏమబ్బా అల్లుడా! రా, రా, ఎండిపోయినావే. మా గౌరి చేసిండాది, పూర్ణం ఓళిగలు. బిడ్డా, నువ్వూ తిను తల్లీ. నీకు చెల్లెలు వస్తాండాది, నువ్వే చూసుకోవల్ల."

మంచివాడు. చేతులు జోడించాడు నాకు. ఎవరూ నాకు చేతులు జోడించలేదు ఇంతవరకు.

ఆయన నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నేను చెప్పు అని తల ఊపితే చెప్పేవాడేమో. నేను అవతలి కిటికీ వైపు తిరిగాను. ఎందుకు తిరిగాను? ఇప్పటికీ తెలియదు. ఆయనంతట ఆయన చెప్పాలని... అంతే కావచ్చు.

బండి కదిలింది. విస్తరి ఆయన చేతిలో ఉంది.

ధర్మవరం వచ్చేదాకా ఇద్దరమూ విప్పలేదు. ఇంటికొచ్చాక అత్త విప్పింది. "నెయ్యి బాగా పోసిండారు" అంది.

పౌర్ణమి, శుక్రవారం

ఈ రోజు చెబుతాడేమో అనుకున్నాను.

పుష్య అమావాస్య, శనివారం

సెలవు. తలంటుకోలేదు. ఆయన మగ్గం గుంత గట్టున కూర్చొని, నేయరాదు గనక పోగులు దూరే అచ్చు ఊరికే తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"వచ్చే ఆదివారం ఎప్పుడు?" అని నేనే అడిగాను, ఆయన ఏమన్నా అంటాడని. "రేపే" అన్నాడు.

అంతే.

మాఘ శుద్ధ ఏకాదశి, బుధవారం

అయిపోయింది. పెనుకొండలో. పెండ్లికూతురు చీర మేము నేసిందే. అంచు నాది. తలంబ్రాలు ఆయన పిల్ల తల మీద కాక పక్కన పోశాడు. అందరూ సిగ్గనుకున్నారు.

బహుళ విదియ, బుధవారం

గౌరి వచ్చింది. నా కాళ్లకు మొక్కింది. "అక్కా, నాకు పనేం రాదు, కొట్టొద్దు" అని నవ్వింది. దాన్ని ఏమని తిట్టుకోను?

అత్త చెప్పింది — "అంచు నువ్వే పట్టు. ఆ పిల్లను మగ్గం దగ్గరికి రానియ్యొద్దు, కడుపు నిలవల్లంటే వంగకూడదు." నా చోటు నాకే ఉంది. పగటికి.

ఫాల్గుణ శుద్ధ విదియ, బుధవారం

గౌరి పత్రిక చదివి వినిపించింది. గుణింతం తప్పకుండా, ఆగకుండా. కండెలు చుట్టడం నేర్పమంటుంది. గంప దగ్గరికి వస్తుంది. ఈ పుస్తకం వేరేచోట పెట్టాలి.

బహుళ చవితి, శనివారం

సావుకారు పెండ్లి కానుకగా ఆయనకూ గౌరికీ ఆ తోటకు రైలు ఖర్చు ఇచ్చాడట. "ఈసారి ఆదివారం చూసుకొని పోప్పా" అన్నాడట. ఆయన వద్దన్నాడు. అత్త పోవాల్సిందే అంది. పొద్దున్నే పోయారు. రేపు ఆదివారం.

గౌరి జడకు పూలు నేనే కట్టాను. ఆయన చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

బహుళ సప్తమి, మంగళవారం

వచ్చారు. ఆయన నేరుగా గుంతలో దిగాడు. గౌరి నా పక్కన చేరి ఆపకుండా చెబుతోంది.

"అక్కా, నీళ్లకు రంగులక్కా! చెప్పమంటే చెప్పలేను. గది గిది ఏం లేదు, కిందనే గడ్డి మీద కూర్చున్యాం. అందరికీ కనిపిస్తాది, దానికి దుడ్లెందుకు? ఆయప్ప మాత్రం నీళ్లే చూడలేదు. వెనక్కి తిరిగి పైన హోటలు చూస్తా కూర్చున్యాడు. ఒక కిటికీ చూపిచ్చి 'అది ఎప్పుడూ చీకటే' అన్యాడు. చీకటేంటికి? దాంట్లో దీపం ధగధగ వెలుగుతా ఉండాది! ఇద్దరు ఎవరో నిలబడిండారు కూడా. ఎందుకట్ల అన్యాడక్కా?"

మగ్గం చప్పుడు ఆగింది.

గౌరి నా ముఖం చూస్తోంది. నేను రాట్నం తిప్పుతూనే ఉన్నాను. కొంచెం సేపటికి మగ్గం మళ్లీ మొదలైంది. ఒక్క నాడె చప్పుడు. అంచు నాడె కోసం ఆగి, నేను రాకపోతే మళ్లీ ఒక్కటే.

ఇది ఎక్కడ దాచినా గౌరి చేతికి వస్తుంది. దానికి చదువు వచ్చు.

గౌరీ, వస్తే ఆయనకు చూపించకు. నీళ్ల పొయ్యిలో పెట్టు. నీ మీద నాకు ఏమీ లేదు. కాల్చే ముందు ఒక్కటి, నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పు — నీలం తర్వాత ఏ రంగు వచ్చింది? చెప్పి, అప్పుడు కాల్చెయ్.