అక్క లేచి చదివినప్పుడల్లా

మిల్డూరా,
సెప్టెంబరు 4, బుధవారం.

లోసాలియా పెద్దమ్మ గారి ఎదుట చాప మీద తల వంచుకుని కూర్చుని, మీ ఇలైసా విన్నవించుకునే మాటలు.

ముందుగా ఉయిహా ద్వీపంలోని మన ఇంటికి, చర్చి పెద్దలకి, నా గొంతు లేక బోసిపోయిందని మీరంటున్న పాటల బృందానికి నా వందనాలు. ఈ ఉత్తరం మీరు ఆదివారం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి పైకి చదువుతారని నాకు తెలుసు. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మధ్యలో ఎవరూ లేచి వెళ్లకండి. లేచి వెళ్లడం వల్లే ఇక్కడ నా కొంప మునిగింది.

మేమంతా క్షేమం. ద్రాక్ష తీగల కత్తిరింపు అయిపోయింది, ఇప్పుడు నారింజ కోతకి వెళ్తున్నాను. ఫీనౌ బావ లారీ వేసుకుని అడిలైడు పోయాడు, పది రోజులదాకా రాడు. మీ కోసం తెలేసియా అక్క మొదలుపెట్టిన చాప సగంలోనే ఆగిపోయి గోడకి చేరిందని పాస్టరమ్మ చెప్పింది. అక్క మీద కోప్పడకండి. ఈ ఉత్తరమూ, కార్న్‌డ్ బీఫ్ డబ్బాలూ తెస్తున్నది ఆ పాస్టరమ్మే. మళ్లీ రెండు వారాల్లో ఇక్కడికి తిరిగొస్తుంది.

ఇక నా గోడు వినండి. ముసలివాళ్లని చూసుకునే ఉద్యోగం కావాలంటే ముందు ఇక్కడి కాలేజీలో ఇంగ్లీషు మధ్య మెట్టు పాసవ్వాలని కిందటి ఉత్తరంలో రాశాను కదా. మొదటి మెట్టు కాదు, పై మెట్టు కాదు, మధ్యది. మూడు టర్ములుగా దాని మీదే చతికిలబడి ఉన్నాను. మా హీదర్ టీచరమ్మ మంచి మనిషి. ఎర్ర సిరాతో దిద్దితే మా మనసు నొచ్చుకుంటుందని ఆకుపచ్చ సిరాతో దిద్దుతుంది. నా కాగితం తిరిగొచ్చేసరికి పచ్చిక మొలిచినట్టుంటుంది. 'ద' అనే ముక్క లేనిచోట పెట్టమంటుంది, పెట్టినచోట కొట్టేస్తుంది. ఎందుకమ్మా అని అడిగితే, అది చెవికి తెలుస్తుంది అంటుంది. నా చెవికి ఏం తెలుస్తుంది పెద్దమ్మా, నా బొంద!

అదైనా నేర్చుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. వారానికో వ్యాసం రాయాలి. చేపల మీదో వానల మీదో అయితే బాగుండేది, ఎవరి గురించి వాళ్లే రాసుకోవాలట. నేను మరిచిపోలేని రోజు, నాకున్న భయం, ఎవరికీ చెప్పని మాట. రాసి ఊరుకుంటే సరిపోదు, నిలబడి అందరికీ వినిపించాలి. అలాంటి క్లాసులో జూలై నెలలో అక్క వచ్చి చేరింది.

ముప్పై తొమ్మిదేళ్లకి ఈమెకి ఇంగ్లీషు పిచ్చి ఎందుకు పట్టిందో నాకు అర్థం కాలేదు. మనవాళ్లలో ఎవరికి బ్యాంకు పని పడ్డా, ఆస్పత్రి పని పడ్డా పక్కన నిలబడి ఇంగ్లీషులో మాట్లాడేది నేనే. అక్కకి ఏం కావాలన్నా బావ చేత ఒక్క కబురు పంపితే నేను చేసిపెట్టనా? పోనీ ఇంకో క్లాసుకి పోదామంటే ఈ ఊళ్లో మధ్య మెట్టుకి ఉన్నదే ఒక్క క్లాసు.

మన పద్ధతి మీకు చెప్పేంతవాణ్ని కాను. నాకు పన్నెండో ఏడు రాగానే నా పక్క చుట్టి చంకలో పెట్టింది మీరే. ఇక నుంచి మగపిల్లల గుడిసెలో పడుకో, అక్క కూర్చున్న గదిలో కూర్చోకు, ఆమె కడుపులో మాటలూ ఒంటి సంగతులూ నీ చెవిన పడకూడదు అన్నారు. నేను ఏడిస్తే, ఒరే పిచ్చివాడా, ఇది దూరం పెట్టడం కాదు, గౌరవం అన్నారు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట తప్పలేదు. ఇక్కడ మాత్రం ఆమె ముందు వరసలో, నేను తలుపు పక్కన. ఆమె లేచి చదవబోతే నేను బయటికి పోతాను. నా వంతు వస్తే ఆమె నీళ్ల సీసా పట్టుకుని పోతుంది. మా జవాద్ అఫ్గాన్ మనిషి, నా పక్క సీటు. ఆ ఆవిడ లేవగానే నీకు కడుపులో తిప్పుతుందేమిటయ్యా అని నవ్వి, ఒకరోజు నిజంగానే పుదీనా కషాయం కాచి ఫ్లాస్కులో తెచ్చాడు. తాగాను. ఇంకేం చేయను?

టీచరమ్మ నేనూ అక్కా పోట్లాడుకున్నామనుకుంది. కలపాలని, పోయిన వారం మా కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఒకరి వ్యాసం ఒకరు చదివి దిద్దండి అంది. అక్క తల ఎత్తలేదు. నేను నా కుర్చీ ఎత్తుకుని వరండాలోకి పోయాను. టీచరమ్మ నా వెనకే వచ్చింది. ఆమె నా అక్క, మేము అలా కూర్చోకూడదు అన్నాను. ఆవిడ మా కాగితాలు తిరగేసి, మీ ఇంటిపేర్లు వేరు, తల్లిదండ్రులు వేరు, ఆమె నీకు కజిన్ అంది. కాదు, అక్క అన్నాను. కాదు, కజిన్ అంది. మా అమ్మ పోయాక ఈమె తల్లి చేతిముద్ద తిని పెరిగాను అని చెప్పాలనుకున్నాను. వాక్యం కుదిరేలోపు ఆవిడ వెళ్లిపోయింది. ఇంకోసారి మధ్యలో లేచి వెళ్తే హాజరు వేయననీ, హాజరు లేకపోతే పరీక్షకి రానివ్వననీ ఇప్పుడు కాగితం మీద రాసిచ్చింది.

నా చేతుల్లో ఏమీ లేదు పెద్దమ్మా. కూర్చుంటే మీ పెంపకానికి మచ్చ, లేస్తే ఈ చదువు మట్టి కొట్టుకుపోతుంది. అక్క మీ మాట ఒక్కటే వింటుంది. ఈ క్లాసు సంగతి మీరే ఏదో ఒకటి తేల్చి ఆమెకి చెప్పాలి. త్వరగా చెప్పండి.

మీ చేతులకి ముద్దులతో,
మీ కొడుకులాంటివాడు,
ఇలైసా

తా.క. ఇది వెనక పేజీలో రాస్తున్నాను. పైకి చదవడం ఆపి, ఉత్తరం అయిపోయిందని చెప్పి మడిచేయండి. మిగతాది తలుపేసుకుని మీరొక్కరే చదవండి.

పెద్దమ్మా, నా పరీక్ష పోతే పోయింది. దానికోసం మీకు రాయడం లేదు. నేను తప్పు చేశాను. అక్క చదువుతుంటే విన్నాను.

పదమూడు రోజులైంది. ఎప్పుడూ సైకిళ్ల షెడ్డుదాకా పోయి నిలబడేవాణ్ని. ఆ రోజు వాన దంచి కొడుతోంది, చూరు కింద ఆగిపోయాను. కిటికీ ఓరగా తెరిచి ఉంది. నాకు తెలిసిన ఒక ఆవిడ గురించి చెబుతాను అంటూ మొదలుపెట్టింది. ఏదో కథేలే అనుకున్నాను. తప్పులు లేకుండా ఎంత చక్కగా చదువుతోందో అని గర్వపడుతూ నిలబడ్డాను కూడా. ఆ ఆవిడకి కుడి చేతి పక్కన, బిడ్డకి పాలిచ్చే చోట గడ్డ తేలిందట. ఈస్టరు నుంచి పెరుగుతోందట. ఆస్పత్రికి ఫోన్ చేస్తే మన భాష తెలిసిన మనిషిని మధ్యలో పెట్టారట. మగ గొంతు, తమ చర్చిలో రోజూ వినే గొంతే. ఒక్క మాట చెప్పకుండా పెట్టేసిందట. మొగుడికి చెబితే కంగారులో ఆదివారం ప్రార్థనలో అందరి ముందూ చెప్పేస్తాడట. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడు తమ్ముడొక్కడే, వాడికి చచ్చినా చెప్పకూడదు కదా అని చదివింది. అందుకని ఆవిడ ఇంగ్లీషు నేర్చుకుంటోందట. నవంబరులో క్లాసు అయిపోయాక, ఎవరి తోడూ లేకుండా పోయి, డాక్టరుకి తన నోటితో తానే చెప్పుకుంటుందట. కుడి చేయి ఆడక ఆవిడ చాప నేత కూడా ఆపేసిందట. మీ చాప గుర్తొచ్చింది, ఆ ఆవిడ అక్కేనని అప్పుడు తెలిసింది.

టీచరమ్మ, మంచి కథ, నీ స్నేహితురాలికి ధైర్యం చెప్పు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. వానలో తడుస్తూ నేనొక్కణ్ని ఏడ్చాను.

నవంబరు అంటే ఇంకా రెండు నెలల పైమాటే. అంతదాకా ఆగే జబ్బేనా అది? మర్నాడే టీచరమ్మ దగ్గరికి పోయి, ఒక విషయం ఉంది అన్నాను. సరే, తెలేసియాని కూడా పిలుస్తాను, ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం అంది. పంటి నొప్పి అని చెప్పి వచ్చేశాను. నేను విన్నానని తెలిస్తే అక్క క్లాసు మానేస్తుంది, ఆస్పత్రి గడప కూడా తొక్కదు. పాస్టరమ్మ మంచిదే, కానీ ఆమెకి చెప్పిన మాట సాయంత్రం పాటల సాధన దాకా దాగదు. మీకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ స్పీకరు పెట్టి పిల్లలందరి చేతా పలకరింపజేశారు. తారో దుంపల పంట ఎలా ఉందని అడిగి పెట్టేశాను.

అందుకని ఈ పని మీరే చేయాలి. మీ జన్మలో అబద్ధం ఆడలేదు, నా కోసం ఒక్కటి ఆడండి. పక్క ద్వీపంలోని పంగైకి పడవెక్కి పోయి, అక్కడి నుంచి మీరొక్కరే అక్కకి ఫోన్ చేయండి. కల వచ్చిందనండి. నీ కుడి పక్క నల్లగా కనిపించిందనండి. తల్లి కల అంటే ఆమె కాదనదు. పాస్టరమ్మ ఇక్కడికి తిరిగొచ్చిన మర్నాడే ఆడ డాక్టరు దగ్గరికి పోతానని ఒట్టు వేయించుకోండి.

ఇందులో ఒక ఇంగ్లీషు కాగితం పెట్టాను. డాక్టరుకి ఏం చెప్పాలో ఆరు వాక్యాల్లో రాశాను. నా చేతిరాత అక్క బోర్డు మీద చూసింది, గుర్తుపడుతుందని లైబ్రరీలో టైపు చేశాను. తొమ్మిదిసార్లు తిరగరాశాను. ఆకుపచ్చ సిరా తగలని కాగితం నాది ఇదొక్కటే, ఎవరికీ చూపించలేదు కాబట్టి. ఆ చోటు పేరు ఇంగ్లీషులో రాయగలిగాను పెద్దమ్మా, మన భాషలో మీకు రాయడానికి చేయి రాలేదు. అక్క కూడా అందుకే ఇంగ్లీషులో చెప్పుకోగలిగిందేమో. పంగై ఆస్పత్రి నర్సు రాసిచ్చిందని చెప్పి, పాస్టరమ్మ తిరిగొచ్చేటప్పుడు కవరు అతికించి అక్కకి పంపండి. అక్క నాకు నాలుగు కుర్చీల అవతలే కూర్చుంటుంది. చేయి చాపితే అందే మనిషికి ఈ కాగితం సముద్రం దాటి పోయి, మళ్లీ దాటి రావాలి.

నేను విన్నందుకు మీరు ఏ శిక్ష వేసినా పడతాను. అక్కకి మాత్రం చెప్పకండి.

రేపు క్లాసుంది, అక్క వంతు కూడా ఉంది. నేను లేచిపోతాననే నమ్మకం మీదే ఆమె నోరు విప్పుతోంది. హాజరు పోయినా సరే, రేపు కూడా లేచి వెళ్తాను. వాన పడినా ఈసారి సైకిళ్ల షెడ్డుదాకా పోయే నిలబడతాను.