ఎవరండీ మీరు?

పంజాగుట్ట,
14 సెప్టెంబర్ 2025, ఆదివారం.

ప్రియమైన వంశీకి,

నీ భార్య మంజూష రాస్తున్నది. ఇక్కడ నేనూ, అత్తయ్యా క్షేమం. నీ క్షేమం అడగాలంటే నవ్వొస్తోంది, పొద్దున్నే సోమాజిగూడ ఆసుపత్రిలో నిన్ను చూసొచ్చే కదా ఇది రాస్తున్నా! అయినా ఉత్తరమన్నాక అడగాలి. ఎలా ఉన్నావు?

మెదడుకి వైరస్ సోకి నీ జ్ఞాపకాలు చెదిరిపోయాయి కదా, ఇంటి సంగతులు కాగితం మీద రాసి చదివించమన్నారు డాక్టర్ జువేరియా గారు. సరే, విను. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో నీ జావా బ్యాచ్‌ని నీ తోటి సారు కమాల్ భాయ్ చూసుకుంటున్నాడు. మా సార్ ఎప్పుడొస్తారని పిల్లలు ఆయన్ని మస్తు సతాయిస్తున్నారట. బాల్కనీలో నీ కరివేపాకు చిగురేసింది. తిట్టుకుంటూనే నీళ్లు పోస్తున్నా. పొద్దున కాఫీ ఇప్పటికీ రెండు గ్లాసుల్లో పోసేస్తున్నాను. రెండోది అత్తయ్య తాగేస్తుంది.

జువేరియా గారి దగ్గర ఒక లెక్క ఉంది. ఇదే జబ్బుతో వచ్చిన వందలమంది వివరాలతో కట్టారట. వయసెంత, ఫిట్స్ వచ్చాయా, తేడా కనిపించిన ఎన్నాళ్లకి మందు పడింది, ఇవన్నీ వేస్తే ముందుముందు ఎలా ఉంటుందో అంచనా వస్తుంది. నీలాంటివాళ్లు వందమందిలో డెబ్భై ఇద్దరు ఆర్నెల్లకి మళ్లీ మామూలు మనుషులయ్యారని వచ్చింది. ఆ డెబ్భై రెండుని పట్టుకునే అత్తయ్య నాలుగు మెతుకులు తింటోంది.

మనం పోట్లాడుకున్నప్పుడల్లా నువ్వు మొహం సీరియస్‌గా పెట్టి, ఎవరండీ మీరు అని అడిగేవాడివి, గుర్తుందా? అద్దెకొచ్చానండీ అనేదాన్ని నేను. ఇద్దరం నవ్వేసేవాళ్లం, అక్కడితో అలక సరి. ఇప్పుడు ఆసుపత్రిలో రోజూ అదే అడుగుతున్నావు. నాకు నవ్వు రావట్లేదు వంశీ. నువ్వు కావాలనిపిస్తోంది. ఒక్కసారి పేరుపెట్టి కసురుకో, చాలు.

రెండో గ్లాసుతో ఎదురుచూస్తున్న,
మంజూష

తా.క. అసలు సంగతి పైన రాయలేకపోయాను. నువ్వు నన్ను మొదట గుర్తుపట్టనిది ఏరోజని డాక్టర్‌గారు అడిగితే, ఫిట్స్ వచ్చిన బుధవారమే అని చెప్పాను. అబద్ధం. సోమవారం. ఆదివారం పోట్లాడుకున్నాం కదా, పొద్దున్నే ఎవరండీ మీరు అన్నావు. అలకనుకున్నాను. ఈసారి నేను నవ్వి లొంగేది లేదని, అద్దెకొచ్చానండీ అనేసి బ్యాగు తగిలించుకుని ఆఫీసుకి పోయాను. మంగళవారమూ అంతే. నీ నుదుటి మీద చెయ్యి కూడా వేసి చూడలేదు. నిన్న జువేరియా గారికి చెప్పేశాను. తేదీ మార్చి చూస్తే డెబ్భై రెండు కాస్తా నలభై ఆరైంది. ఇది వందమంది లెక్క, మీ ఆయన ఒక్కడిది కాదు, జర ధైర్యంగా ఉండండి అన్నారావిడ. అత్తయ్యకి ఇవాళ చెప్తాను, ఏమన్నా పడతాను. రేపు నువ్వు మళ్లీ అడుగుతావుగా, ఎవరండీ మీరని. పక్కన కూర్చుని, నీ నుదుటి మీద చెయ్యి వేసి, నీ పెళ్లాన్నని చెప్తాను. రేపూ సోమవారమే.